మెర్కేటర్ మ్యాప్
మీ ఫోన్‌లోని మ్యాప్‌కు మూలం ఒక చెప్పులు కుట్టే ఆయన కొడుకని మీకు తెలుసా? 1512లో ఫ్లాండర్స్‌లో పుట్టిన జెరార్డస్ మెర్కేటర్‌ను, 1544లో మతద్రోహి అంటూ ఏడు నెలలు జైల్లో పెట్టారు. విడుదలయ్యాక కొన్నేళ్లకు డూయిస్‌బర్గ్ చేరి, 1569లో ప్రపంచ పటం గీశారు. దానిపై గీసిన తిన్నని గీత వెంట, దిక్సూచి దిశ మార్చకుండా ఓడ నడపవచ్చు. అందుకోసం ధ్రువాల వైపు భూభాగాలను సాగదీయాల్సి వచ్చింది. దేశాల సైజులు పోల్చడానికి ఆయన దాన్ని గీయలేదు, పోలుస్తున్నది మనమే!

మా క్లాసులో క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో సమవైశాల్య ప్రొజెక్షన్‌కు మార్చగానే గ్రీన్‌లాండ్ ముడుచుకుపోయింది. పిల్లలు ఎర్రర్ అనుకున్నారు. నిజానికి ఇండియా దానికి ఒకటిన్నర రెట్లు పెద్దది. మెర్కేటర్ 1594లో చనిపోయారు. మరుసటి ఏడాది వెలువడిన ఆయన పటాల పుస్తకం పేరే, మీ పిల్లల బ్యాగులోని అట్లాస్‌కు వచ్చింది.