తొలి సారథి – కర్నల్ సి.కె. నాయుడు

ఆటస్థలంలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థి మనసులోనూ ఒక సందేహం తొంగిచూస్తుంది. ఎదుటి జట్టు బలమైనది, చూసేవారు వందల్లో ఉన్నారు, తాను నిలవగలడా అన్నదే ఆ సందేహం. దానిని జయించడానికి కావలసిన ఆత్మవిశ్వాసం ఎక్కడి నుంచి లభిస్తుంది? అది పుట్టుకతో రావలసిందే అని కొందరంటారు. గెలుపు చవిచూసిన తరువాతే వస్తుందని మరికొందరంటారు. ఈ రెండు సమాధానాలూ సంపూర్ణం కావని చాటిచెప్పిన జీవితం కర్నల్ సి.కె. నాయుడుగారిది. భారత టెస్టు క్రికెట్ జట్టుకు తొలి సారథ్యం వహించిన ఈ తెలుగువాడు, సారథిగా ఆడిన నాలుగు టెస్టుల్లో ఒక్కదానిలోనూ విజయాన్ని చూడలేదు. అయినప్పటికీ ఒక తరం క్రీడాకారులకు ధైర్యమంటే ఏమిటో నేర్పినవాడిగా ఆయన చరిత్రలో నిలిచిపోయారు.

కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి చేరువలో ఉన్న మచిలీపట్నం ఒకనాడు తూర్పుతీరంలో పేరెన్నికగన్న రేవుపట్టణం. డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు అక్కడ వర్తకస్థావరాలు ఏర్పరచుకొన్నారు. విదేశీ వర్తకులకూ స్థానికులకూ నడుమ మాటను చేరవేసే దుబాసీలకు ఆ ఊళ్ళో ఎంతో గౌరవం ఉండేది. నాయుడుగారి పూర్వీకుల స్వస్థలం ఆ పట్టణమే. కాలక్రమంలో ఆ కుటుంబం హైదరాబాదుకు, అక్కడి నుంచి నాగపూర్‌కు తరలివెళ్ళింది. తాతగారైన నారాయణస్వామి నాయుడు నాగపూర్‌లో న్యాయవాదిగా, భూస్వామిగా పేరుపొందారు. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడు కేంబ్రిడ్జిలో విద్యాభ్యాసం చేసి న్యాయవాది అయ్యారు. ఆ ఇంట 1895 అక్టోబరు 31న జన్మించిన బాలుడే కొఠారి కనకయ్య నాయుడు. క్రీడాలోకం ఆయనను సి.కె. అన్న రెండక్షరాలతోనే గుర్తుపెట్టుకొన్నది.

కనకయ్యకు ఏడేళ్ళ ప్రాయంలోనే పాఠశాల జట్టులో చోటు దొరికింది. తనకంటే వయసులోనూ బలంలోనూ పెద్దవారైన పిల్లలు విసిరే బంతులను ఆ బాలుడు ఎదుర్కోవలసి వచ్చింది. భయపడి వెనుకకు తగ్గితే ఆట సాగదు, కన్నుమూసి ముందుకు దూకితే వికెట్ మిగలదు. బంతిని చివరిదాకా చూడడం, చూసిన తరువాత సందేహించకుండా కొట్టడం అనే రెండు గుణాలు అలవడితేనే అక్కడ నిలవగలిగేది. ఉన్నత పాఠశాలలో చదివే రోజులకు ఆయన ఆ జట్టుకే నాయకుడయ్యారు. పొడవైన శరీరం, నిటారైన నడక, క్రమశిక్షణతో కూడిన వ్యాయామం ఆయనకు తోడయ్యాయి. తరువాతి కాలంలో లోకం చూసి ఆశ్చర్యపడిన ధైర్యానికి పునాది ఆ బడి మైదానంలోనే పడింది.

ఆ రోజుల్లో మన దేశంలో పెద్ద క్రికెట్ పోటీలు మతాలవారీగా జరిగేవి. బొంబాయిలో జరిగే చతుర్ముఖ పోటీలో యూరోపియన్లు, పారసీలు, హిందువులు, ముస్లింలు వేర్వేరు జట్లుగా తలపడేవారు. ఏలేవారి జట్టుతో ఏలుబడిలో ఉన్నవారు ఆడే ఆట కనుక యూరోపియన్లతో జరిగే మ్యాచ్‌కు ప్రత్యేకమైన ఉద్వేగం ఉండేది. 1916లో హిందువుల జట్టు తరఫున నాయుడు ఆ పోటీలో అడుగుపెట్టారు. ఏడు వికెట్లు పడిపోయి జట్టు కష్టంలో ఉన్న వేళ, తొమ్మిదవ ఆటగాడుగా ఆయన బ్యాటు పట్టారు. మొదటి మూడు బంతులను శ్రద్ధగా ఆపారు. నాలుగవ బంతిని సిక్సర్‌గా మలిచారు. ప్రథమశ్రేణి క్రికెట్‌లో ఆయన చేసిన తొలి పరుగులు అవే. ఇక్కడ చాలామంది సిక్సర్‌నే చూస్తారు. దానికి ముందు ఆపిన మూడు బంతులను కూడా చూడాలి. ఎదుటివాని బలాన్ని కొలుచుకొన్న తరువాత చేసిన సాహసం అది. అహంకారానికీ ఆత్మవిశ్వాసానికీ ఉన్న భేదం ఆ మూడు బంతుల్లోనే ఉన్నది.

1923లో హోల్కర్ సంస్థానాధీశుని ఆహ్వానంపై నాయుడుగారు ఇందోరుకు తరలివెళ్ళారు. సంస్థాన సైన్యంలో ఉద్యోగం లభించింది. కర్నల్ అన్న మాట ఆయన పేరుకు ముందు చేరడానికి కారణం ఆ కొలువే. మూడేళ్ళ తరువాత 1926లో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలో ఎం.సి.సి. జట్టు ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చింది. బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టుతో మ్యాచ్ జరిగింది. ఇంగ్లండు ఆటగాడు గై ఎర్ల్ ముందుగా ఎనిమిది సిక్సర్లతో 130 పరుగులు చేసి ప్రేక్షకులను నివ్వెరపరిచాడు. అటువంటి ఆట తెల్లవారికే సాధ్యమని అనుకొనేవారికి మరునాడు సమాధానం దొరికింది. నాయుడుగారు రెండు గంటలు నిండకుండానే 153 పరుగులు సాధించారు. వాటిలో పదకొండు సిక్సర్లు, పదమూడు ఫోర్లు ఉన్నాయి. వార్త విని నగరంలో పనులు మానుకొని జనం మైదానానికి పరుగెత్తారు. ఎం.సి.సి. జట్టు ఆయనకు వెండి బ్యాటును బహూకరించింది. భారతీయులు ఇంగ్లండుతో సమానస్థాయిలో ఆడగలరన్న నమ్మకానికి ఆ ఇన్నింగ్స్ బలం చేకూర్చింది. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

1932లో భారత జట్టు ఇంగ్లండు పర్యటనకు బయలుదేరింది. రాజవంశీయులే జట్టుకు నాయకులు కావాలన్న భావన బలంగా ఉన్న కాలమది. పోరుబందరు మహారాజు సారథిగా, లింబ్డీ రాజకుమారుడు ఉపసారథిగా నియమితులయ్యారు. అయితే టెస్టు మ్యాచ్ సమయానికి వారిద్దరూ తప్పుకోగా సారథ్యం నాయుడుగారికి దక్కింది. రాజకుటుంబానికి చెందని వ్యక్తి నాయకత్వం జట్టులో కొందరికి రుచించలేదు. బయట బలమైన ప్రత్యర్థి, లోపల అసంతృప్తి. ఈ రెండింటి నడుమ జూన్ 25న లార్డ్స్ మైదానంలో భారతదేశపు తొలి టెస్టు మొదలయింది.

ఆట ఆరంభమైన కొద్దిసేపటికే ఇంగ్లండు 19 పరుగులకు మూడు వికెట్లు కోల్పోయింది. మహమ్మద్ నిసార్ బంతులకు ఇద్దరు మేటి ఆటగాళ్ళు తలవంచగా, మరొకరు రనౌట్ అయ్యారు. ఫీల్డింగులో నాయుడుగారి చేతికి గాయమయింది. ఆ చేతితోనే ఆయన బ్యాటు పట్టి, తొలి ఇన్నింగ్స్‌లో జట్టులోకెల్ల ఎక్కువగా 40 పరుగులు చేశారు. చివరకు ఇంగ్లండు 158 పరుగుల తేడాతో నెగ్గింది. ఓటమి ఓటమే. కాని ఆ పర్యటనలో ఆయన ప్రథమశ్రేణి మ్యాచ్‌లలో 1,618 పరుగులు సాధించి, 65 వికెట్లు తీశారు. 1933లో విజ్డెన్ గ్రంథం ఆయనను ఆ యేటి అయిదుగురు ఉత్తమ క్రీడాకారులలో ఒకరిగా ఎంపిక చేసింది.

తన విశ్వాసాన్ని పక్కవానికి పంచగలగడం నాయకుని లక్షణం. 1933 డిసెంబరులో బొంబాయిలో జరిగిన టెస్టు ఇందుకు నిదర్శనం. డగ్లస్ జార్డిన్ నాయకత్వంలోని ఇంగ్లండుపై రెండవ ఇన్నింగ్స్‌లో భారత్ 21 పరుగులకే రెండు వికెట్లు కోల్పోయింది. అప్పుడు తొలి టెస్టు ఆడుతున్న ఇరవైరెండేళ్ళ లాలా అమర్‌నాథ్‌కు జతగా ముప్పయ్యెనిమిదేళ్ళ సారథి నిలిచారు. వారిద్దరూ కలిసి 186 పరుగులు జోడించారు. నాయుడుగారు 67 పరుగులు చేయగా, అమర్‌నాథ్ 118 పరుగులు చేసి టెస్టులలో భారత జట్టు తరఫున శతకం సాధించిన తొలి ఆటగాడయ్యాడు. ఆ మ్యాచ్‌లోనూ మన జట్టు ఓడిపోయింది. కాని శతకం చేయడం భారతీయునికి సాధ్యమని దేశం తెలుసుకొన్నది.

1936 ఇంగ్లండు పర్యటనలో సారథ్యం విజయనగరం రాజకుమారునికి దక్కింది. నాయుడుగారు సాధారణ సభ్యునిగా ఆడారు. ఓవల్ మైదానంలో జరిగిన టెస్టులో గబ్బీ అలెన్ విసిరిన బంతి ఆయన దేహానికి బలంగా తగిలింది. బాధను దిగమింగి ఆయన 81 పరుగులు చేశారు. ఆయన ఆడిన చివరి టెస్టు అదే. పదవి ఉన్నా లేకున్నా ఆటలో తేడా రాకపోవడం ఆయన ఆత్మవిశ్వాసం ఎక్కడ వేరూనిందో తెలుపుతుంది.

టెస్టు జీవితం ముగిసినా ఆట ముగియలేదు. ఆయన సారథ్యంలో హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీని పలుమార్లు గెలుచుకొన్నది. యాభయ్యేళ్ళ వయసులో బరోడా జట్టుపై ఆయన ద్విశతకం సాధించారు. క్రమశిక్షణ విషయంలో ఆయన కఠినుడు. అలసటను, ఆలస్యాన్ని సహించేవారు కారు. అంతటి కఠినుడే ఇందోరులో చిన్నపిల్లవాడైన ముష్తాక్ అలీలోని ప్రతిభను గుర్తించి చేరదీశారు. ఆ బాలుడే పెరిగి పెద్దవాడై 1936లో మాంచెస్టరులో 112 పరుగులు చేసి, విదేశీ గడ్డపై భారత జట్టు తరఫున టెస్టు శతకం సాధించిన తొలి ఆటగాడయ్యాడు.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించింది. ఆ యేడే ఆంధ్ర జట్టు మొదటిసారిగా రంజీ పోటీల్లో ప్రవేశించింది. యాభయ్యెనిమిదేళ్ళ నాయుడుగారు పూర్వీకుల నేల పేరు ధరించిన ఆ కొత్త జట్టు తరఫున బరిలోకి దిగారు. అనుభవం లేని యువకులకు అటువంటి వ్యక్తి పక్కన నిలిచి ఆడడమే ఒక పాఠం. ఆ తరువాత ఉత్తరప్రదేశ్ జట్టుకు ఆడుతూ, అరవయ్యొక్క ఏళ్ళ వయసులో ఒక ఇన్నింగ్స్‌లో 84 పరుగులు చేశారు. 1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1967 నవంబరు 14న ఇందోరులో ఆయన కన్నుమూశారు.

ఆయన మరణించిన పదేళ్ళకు, 1977లో, ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వశాస్త్రవేత్త మనిషికి తన సామర్థ్యంపై నమ్మకం ఎలా కలుగుతుందో వివరించాడు. స్వయంగా సాధించిన అనుభవం, తనవంటివారు సాధించగా చూడడం, నమ్మదగిన పెద్దల ప్రోత్సాహం, దేహమనస్సుల స్థిమితం అనే నాలుగింటిని ఆయన అందుకు మూలాలుగా పేర్కొన్నాడు. నాయుడుగారి జీవితంలో ఈ నాలుగూ కనిపిస్తాయి. బడి మైదానంలో ఎదుర్కొన్న బంతులు మొదటిది. ఆయనను చూసి అమర్‌నాథ్ వంటివారు పొందిన ధైర్యం రెండవది. ముష్తాక్ అలీకి ఆయన అందించిన ఆదరణ మూడవది. గాయపడిన చేతితోనూ చెదరని నిబ్బరం నాలుగవది. వీటిలో గెలుపు అన్న మాట లేదు. గెలుపు ఈ నాలుగింటికీ ఫలితం కావచ్చు, కాకపోవచ్చు.

నేడు కర్నల్ సి.కె. నాయుడు పేరిట దేశవ్యాప్తంగా యువ క్రికెటర్లకు పోటీలు జరుగుతున్నాయి. ఆయన పూర్వీకుల డెల్టాసీమలోనూ క్రీడాస్ఫూర్తికి కొదవలేదు. బరువులెత్తడంలో ఖ్యాతిగాంచిన దండమూడి రాజగోపాలరావుగారి పేర విజయవాడలో ఇండోర్ స్టేడియం వెలసింది. అదే నగరంలోని ఇందిరాగాంధీ స్టేడియంలో 2002 నవంబరు 24న భారత్, వెస్టిండీస్ జట్లు ఒకరోజు మ్యాచ్ ఆడాయి. మచిలీపట్నం, గుడివాడ, విజయవాడ కళాశాలల మైదానాల్లో ప్రతి ఉదయం సాధన చేసే విద్యార్థులలో అందరూ విజేతలు కాలేరు. ఓడిన నాటి సాయంత్రం తిరిగి మైదానానికి రాగలిగిన విద్యార్థికి మాత్రం నాయుడుగారి వారసత్వంలో భాగం ఉన్నది.