జి.డి. నాయుడు

జి.డి. నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరైస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన యంత్ర నిపుణుడు, బస్సు రవాణా సంస్థ యజమాని, పారిశ్రామికవేత్త. తమిళదేశంలో తరతరాల క్రితం స్థిరపడిన తెలుగు కమ్మనాయుళ్ళ వంశంలో జన్మించాడు. ప్రాథమిక విద్యకు మించి చదువుకోని ఇతనికి భారతదేశపు ఎడిసన్ అన్న పేరు వచ్చింది. యంత్రాన్ని విప్పి చూసి నేర్చుకొన్నవాడిగా ఇతని జీవితం సాంకేతిక విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది.

బాల్యము, రడ్జ్ మోటారు సైకిలు

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. బడి చదువు ఇతనికి ఏమాత్రం రుచించలేదు. యౌవనంలో ఒక ఆంగ్లేయ అధికారి రడ్జ్ మోటారు సైకిలుపై ఊరికి రావడం చూసి ఆ బండిపై మనసు పడ్డాడు. దానిని కొనడానికి డబ్బు కావలసి కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటలులో సర్వరుగా చేరాడు. కూడబెట్టిన జీతంతో ఆ బండినే కొన్నాడు. కొన్న తరువాత అతడు చేసిన పని దానిని పూర్తిగా విప్పి, తిరిగి బిగించడం.

ఆనాటి రడ్జ్ బండ్లలో ఇంజను శక్తి తోలు లేదా రబ్బరు పట్టీ ద్వారా వెనుక చక్రానికి చేరేది. పట్టీ వదులైతే జారుతుంది, బిగువైతే బేరింగులు అరుగుతాయి. ఇంజను ఎంత బలమైనదైనా చక్రానికి అందే బలం ఆ మధ్యనున్న అమరికపై ఆధారపడుతుందని ఇటువంటి బండి చెప్పినంత స్పష్టంగా మరొకటి చెప్పదు. నాయుడుకు ఈ విద్య నేర్పిన గురువు ఎవరూ లేరు.

బస్సుల వ్యాపారము

తరువాత కొంతకాలం ప్రత్తి వ్యాపారం చేసి, బొంబాయిలో నష్టపోయి తిరిగి వచ్చాడు. కోయంబత్తూరులో పేరున్న పారిశ్రామికవేత్త సర్ రాబర్ట్ స్టేన్స్ సహాయంతో 1920లో ఒక బస్సు కొని పొల్లాచి - పళని మధ్య నడపసాగాడు. మొదట బస్సు నడిపినది కూడా తానే. ఒక్క బస్సుతో మొదలైన ఆ వ్యాపారం యూనివర్సల్ మోటారు సర్వీసు (యు.ఎం.ఎస్.) అన్న పెద్ద సంస్థగా ఎదిగింది. 1933 నాటికి దేశంలోనే అత్యంత సమర్థంగా నడిచే బస్సు సంస్థగా దానిని లెక్కించేవారు.

ఈ పేరు ఊరికే రాలేదు. ఆ రోజులలో ఇంజనుతో కూడిన చాసిస్ విదేశాల నుండి దిగుమతి అయ్యేది. ఇంజను చెడితే దానిని దింపడం, బాగుచేసినదానినో వేరొకదానినో ఎక్కించి గేరుబాక్సుకు కలపడం సొంత షెడ్డులోనే జరగాలి, లేకుంటే బస్సు రోజుల తరబడి నిలిచిపోతుంది. యు.ఎం.ఎస్. కు సొంత మరమ్మతు శాల ఉండేది.

ఇంజనును గేరుబాక్సుతో కలిపే పని ఎందుకు కష్టమో ఇక్కడ చెప్పుకోవాలి. క్రాంక్ షాఫ్టు చివర ఫ్లైవీలు ఉంటుంది. దానికీ ప్రెషరు ప్లేటుకూ నడుమ క్లచ్ ప్లేటు ఇరుక్కొని ఉంటుంది. గేరుబాక్సు నుండి ముందుకు వచ్చే షాఫ్టుకు నిలువు గాడులు ఉంటాయి. అవి క్లచ్ ప్లేటు మధ్యనున్న గాడులలో సరిగ్గా దూరాలి, ఆ షాఫ్టు కొన క్రాంక్ షాఫ్టు నడిమధ్యనున్న చిన్న బుష్‌లో కూర్చోవాలి. ప్రెషరు ప్లేటు బోల్టులు బిగించక ముందే ఒక నకిలీ షాఫ్టును దూర్చి క్లచ్ ప్లేటును మధ్యకు తెచ్చుకోకపోతే గేరుబాక్సు ఎంత నెట్టినా లోనికి పోదు. బరువైన గేరుబాక్సును జాకీపై నిలపక క్లచ్ ప్లేటు మీద వ్రేలాడనిస్తే ప్లేటు వంగిపోతుంది. బోల్టులతో బలవంతంగా లాగితే డొప్ప పగిలే ప్రమాదమున్నది. వేరే రకం ఇంజను ఎక్కించినప్పుడు బోల్టు రంధ్రాలు కలవవు గనుక మధ్యలో ఒక పలకను తయారు చేసుకోవాలి. రెండు షాఫ్టుల కేంద్రాలు వెంట్రుకవాసి తప్పినా బండి కదిలేటప్పుడు అదురుతుంది, కొద్ది నెలలలో బుష్ అరిగిపోతుంది. మెకానిక్కు నైపుణ్యం తెలిసేది ఇక్కడే.

విద్యుత్ మోటారు

1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ లో విద్యుత్ మోటారును తయారు చేశాడు. దేశంలో తయారైన మొదటి మోటారుగా దీనిని పేర్కొంటారు. బాలసుందరం నాయుడు తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు.

దీని విలువ గోదావరి డెల్టా పాఠకులకు వెంటనే తట్టకపోవచ్చు. నిడదవోలు పరిసరాలలో ధవళేశ్వరం ఆనకట్ట నుండి కాలువలో వచ్చే నీరు పల్లానికి తానే పారుతుంది. వర్షం తక్కువైన కోయంబత్తూరు ప్రాంతంలో నీరు లోతైన బావులలో ఉంటుంది, ఎద్దులతో కపిల తోలి తోడుకోవలసి వచ్చేది. మోటారును పంపుకు జతచేస్తే ఆ శ్రమ తప్పుతుంది. ఇక్కడ కూడా మోటారు షాఫ్టు, పంపు షాఫ్టు ఒకే వరుసలో ఉండాలన్నదే మొదటి నియమం. నేడు దేశంలో పంపుల తయారీకి కోయంబత్తూరు ముఖ్య కేంద్రం.

ఇతడు చిన్న వస్తువులపైనా శ్రద్ధ చూపాడు. పొడి బ్యాటరీలతో నడిచే రసంత్ అనే గడ్డం గీసే యంత్రం, పలుచని బ్లేడ్లు, కిరోసిన్ పంకా, పండ్లరసం తీసే యంత్రం, మోసానికి వీలులేని ఓటు యంత్రం వీటిలో కొన్ని. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని 1941లో ప్రకటించాడు.

రెండు వేల రూపాయల కారు

1952లో ఇద్దరు కూర్చోగల పెట్రోలు కారు ఇతని కర్మాగారం నుండి వెలువడింది. ధర రెండు వేల రూపాయలు. పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం అమలులోకి వచ్చిన సంవత్సరం కూడా అదే. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వడానికి నిరాకరించడంతో కారు తయారీ ఆగిపోయింది. నాయుడు జీవితంలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం ఇది. సామాన్యునికి అందుబాటు ధరలో చిన్న కారు అన్న ఆలోచన దేశంలో మారుతి రూపంలో విస్తృతంగా రోడ్డెక్కడానికి 1983 వరకు ఆగవలసి వచ్చింది.

విద్యారంగము

1944లో మోటారు వ్యాపారం నుండి తప్పుకొన్నాడు. 1945లో అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయం స్థాపించడానికి కారకుడై దానికి మొదటి ప్రిన్సిపాలుగా పనిచేశాడు. ఇంజనీరింగుకు నాలుగేళ్ళు అనవసరమనీ, పనిలో పెట్టి నేర్పితే రెండేళ్ళు చాలుననీ ఇతని అభిప్రాయం. ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఇతడు ఆ పదవి వదులుకొన్నాడు. రెండేళ్ళలో గణితం ఎంతవరకు చెప్పగలరన్నది చర్చనీయాంశమే గాని, చేతితో ముట్టని యంత్రం గురించి పరీక్ష వ్రాయించడంపై ఇతని అసంతృప్తిని కొట్టివేయలేము. ఆ సంస్థ నేడు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా కొనసాగుతున్నది.

ఫొటోగ్రఫీపై కూడా ఇతనికి మక్కువ ఉండేది. 1936లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించాడు. అదే కాలంలో ఎన్నికలలో పోటీచేసి ఓడిపోయాడు. వ్యవసాయ పరిశోధనలు చేసి ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయిలలో కొత్త రకాలు పెంచాడు.

మరణము, జ్ఞాపికలు

నాయుడు 1974 జనవరి 4న మరణించాడు. 1967లో ఇతని పేరిట ఏర్పడిన పారిశ్రామిక ప్రదర్శనశాల కోయంబత్తూరులో ఉన్నది. కుటుంబ సంస్థ ఆధ్వర్యంలో పాత కార్ల మ్యూజియం కూడా ఆ నగరంలో వెలసింది. ఇతనిపై తీసిన డాక్యుమెంటరీకి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో శాస్త్ర సాంకేతిక విభాగంలో బహుమతి లభించింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డుపై ప్రారంభమైన 10.1 కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం జి.డి. నాయుడు పేరు పెట్టింది.