ఫ్లారెన్సు నైటింగేలు: కొంచెములో నమ్మకత్వము

ధ్యానభాగము: లూకా 16:10-12

అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని ఉపమానము చెప్పిన తరువాత మన ప్రభువు తన శిష్యుల చేతికి ఒక కొలకఱ్ఱ నిచ్చెను. ఒకడు గొప్ప సంగతులలో నమ్మదగినవాడో కాడో తెలిసికొనుటకు గొప్ప సంగతులు వచ్చువరకు కనిపెట్టనక్కరలేదు. చిన్న సంగతిలో అతడెట్లున్నాడో చూచిన చాలునని ఆయన బోధించెను. మనము ఈ మాటను తరచుగా డబ్బు విషయములోనే చెప్పుకొందుము. కానుకల లెక్క, సంఘపు సొమ్ము, అప్పు తీర్చుట మొదలగు వాటితో సరిపెట్టుకొందుము. అయితే చిన్న సంగతిలోనే మనుష్యుని ప్రాణము ఇమిడియున్న పనులు కొన్ని గలవు. ఆసుపత్రిలో నరమునకు సెలైను ఎక్కించు నర్సు పని అట్టిది.

ఆ పనిని ఒకసారి నిదానించి చూడుడి. నర్సు మొదట తన చేతులు కడుగుకొనును. రోగి చేతిమీద నరమును వెదకి, చర్మమును మందుతో తుడిచి, అది ఆరువరకు ఆగి, సన్నని కాన్యులాను లోపలికి పోనిచ్చును. పట్టీ వేసి దానిమీద తేదీ వ్రాయును. అర లీటరు సీసా 4 గంటలలో ఎక్కవలెనని డాక్టరు వ్రాసినయెడల, మిల్లీలీటరుకు 20 చుక్కలు పడు గొట్టములో నిమిషమునకు ఇంచుమించు 42 చుక్కలు పడవలెను. గడియారము చూచుచు ఆమె ఆ చుక్కలను లెక్కించును. చుక్కలు మితిమీరి వేగమైన బలహీనమైన గుండె తట్టుకొనలేదు. మందగించిన రోగికి చేరవలసినది వేళకు చేరదు. చేయి వాచినదా, ఎఱ్ఱబడినదా, నొప్పిగా నున్నదా అని మరల మరల చూడవలెను. చర్మము మన దేహమునకు దేవుడు కట్టిన ప్రహరీగోడ. సూది ఆ గోడలో ఒక ద్వారము తెరచును. మందు పోవు దారినే మలినము కూడ నేరుగా రక్తములోనికి పోగలదు. ఆ ద్వారమునకు కావలి ఆ నర్సే.

ఈ నమ్మకత్వమును నర్సు వృత్తికి పునాదిగా వేసినవారిలో ముఖ్యురాలైన ఫ్లారెన్సు నైటింగేలు జీవితమును ఈ మాసము మా చదువరుల ముందుంచుచున్నాము. ఆమె కాలములో సెలైను ఎక్కించుట నర్సుల పని కాదు. 1832లో స్కాట్లండులోని లీత్ పట్టణములో తామస్ లాట్టా అను వైద్యుడు కలరా రోగుల నరములలోనికి ఉప్పునీటిని ఎక్కించినపుడు ఆమె 12 ఏండ్ల బాలిక. 1940లో అమెరికాలోని బోస్టను నగరమందు మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఆడా ప్లూమర్ అను నర్సుకు ఈ పని ప్రత్యేకముగా అప్పగింపబడునాటికి నైటింగేలు మరణించి 30 ఏండ్లు గడచెను. అయినను ఆ పనికి కావలసిన శుభ్రత, లెక్క, మెలకువ అనునవి నర్సులకు అలవాటగుటకు ఆమె పడిన ప్రయాస గొప్పది.

ఆమె 1820 మే 12వ తేదీన ఇటలీ దేశములోని ఫ్లారెన్సు నగరములో జన్మించెను. ఆ నగరము పేరే ఆమెకు పెట్టిరి. తలిదండ్రులు ఇంగ్లండుకు చెందిన మిక్కిలి ధనవంతులు. తండ్రియే ఆమెకు గ్రీకు, లాటిను భాషలు నేర్పెను. ఆమెకు లెక్కలన్న మిక్కుటమైన ప్రీతి. 1837 ఫిబ్రవరిలో, 16 ఏండ్ల ప్రాయమున, దేవుడు తన్ను తన సేవకు పిలిచెనని ఆమె నిశ్చయముగా నమ్మెను. ఆ సేవ ఏదో మాత్రము వెంటనే తెలియలేదు. రోగుల సేవయే తన పిలుపని తెలిసిన తరువాత ఇంటివారు ఒప్పుకొనలేదు. ఆ దినములలో ఆసుపత్రులు మురికిగా నుండెను. అందలి పరిచారికలకు మంచి పేరు లేదు. గొప్పింటి పిల్ల అక్కడికి పోవుట తల్లికిని అక్కకును తలవంపుగా తోచెను. మంచి సంబంధము వచ్చినను ఆమె వివాహమునకు ఒప్పుకొనలేదు.

పిలుపునకును పనికిని మధ్య పదునాలుగేండ్లు గడచెను. 1851లో ఆమె జర్మనీలో రైను నదీతీరముననున్న కైసర్స్‌వెర్త్ గ్రామమునకు పోయెను. పాస్టరు థియొడోర్ ఫ్లీడ్నరు అక్కడ స్థాపించిన ప్రొటెస్టెంటు పరిచారికల సంస్థలో మూడు నెలలు శిక్షణ పొందెను. 1853లో లండనులోని ఒక చిన్న ఆసుపత్రికి పెద్దగా నియమింపబడెను. ఆలస్యమును చూచి పిలుపును అనుమానించు యౌవనులు ఈ ఏండ్లను లెక్కించుకొందురు గాక.

1854లో క్రిమియా యుద్ధము జరుగుచుండగా, గాయపడిన ఆంగ్లేయ సైనికుల దురవస్థ పత్రికలలో వెల్లడియాయెను. యుద్ధశాఖ మంత్రి సిడ్నీ హెర్బర్టు ఆమెను పంపెను. ఆమె 38 మంది స్త్రీలను వెంటబెట్టుకొని నవంబరు నెలారంభమున స్కుటారి చేరెను. ఇది నేటి ఇస్తాంబూలు నగరములో జలసంధికి ఆవలి ఒడ్డుననున్నది. అక్కడి పెద్ద సైనిక ఆసుపత్రిలో పడకలు చాలవు, దుప్పట్లు చాలవు, ఒళ్లు కడుగుటకు గిన్నెలైనను లేవు. ఆమె బట్టలుతుకు ఏర్పాటు చేసెను. రోగులు తినదగిన ఆహారము వండించెను. చనిపోయినవారి ఇండ్లకు ఉత్తరములు వ్రాసెను. రాత్రివేళ మడతల లాంతరు చేతబట్టి మైళ్ల పొడవున పరచిన పడకల మధ్య ఒంటరిగా నడచెను. ఆ లాంతరువలననే లోకము ఆమెను దీపధారిణిగా ఎరుగును.

మన ఆదివారపు బడి పాఠములలో కథ ఇక్కడనే ముగియును. నిజముగా దాని బరువైన భాగము ఇక్కడనుండియే ఆరంభమగుచున్నది. ఆమె వచ్చిన తరువాత కూడ ఆ చలికాలమంతయు మరణములు తగ్గలేదు, పెరిగెను. 1855 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రిలో మరణములు నూటికి 42 వరకు పోయెను. ఆ నెలలలో ప్రేమకు కొదువ లేదు, ప్రార్థనకు కొదువ లేదు, రాత్రి మేలుకొనుటకు కొదువ లేదు. కాని ఆ కట్టడము క్రింద మురుగు కాలువలు పూడుకొనిపోయి యుండెను. గాలి ఆడదు, నీరు శుభ్రముగా లేదు. మార్చిలో ప్రభుత్వము పంపిన ఆరోగ్య సంఘమువారు వచ్చి, మురుగు తీయించి, గోడలకు సున్నము వేయించి, గాలికి దారులు తెరిపించిరి. జూనునాటికి మరణములు నూటికి 2కు దిగెను.

మొదట ఆమె ఆ మరణములకు సరియైన ఆహారము లేమియు, రోగులను ఆలస్యముగా తెచ్చుటయు కారణములని తలంచెను. యుద్ధము ముగిసి 1856లో ఇంగ్లండు చేరిన తరువాత, లెక్కలలో నిపుణుడైన విలియం ఫార్‌తో కూడ కూర్చుండి మరణముల పట్టికలను పరిశీలించెను. గాయములవలన చనిపోయినవారికంటె రోగములవలన చనిపోయినవారు అనేక రెట్లు ఎక్కువ. వారిలో అనేకులు ఆసుపత్రి మురికివలననే మరణించిరి. తాను లాంతరు పట్టుకొని నడచిన ఆ పడకల మధ్యనే మరణము కూడ నడచినదని ఆ అంకెలు ఆమెకు చూపెను.

ప్రియులారా, ఇట్టి సత్యము ఎదురైనపుడు మనమేమి చేయుదుము? అప్పటికే దేశమంతయు ఆమెను పొగడుచుండెను. పట్టికలను మూసి పొగడ్తను నిలుపుకొనుట సులభము. ఆమె అట్లు చేయలేదు. ఆ అంకెలను రంగుల పటములుగా గీయించి పాలకుల ముందు పెట్టెను. క్రిమియాలో సోకిన జ్వరము ఆమె ఆరోగ్యమును పాడుచేసినందున అనేక సంవత్సరములు గదిలోనుండియే పని నడిపెను. సైనికుల బసలు, ఆసుపత్రుల కట్టడములు, నీరు, మురుగు అను విషయములలో మార్పు వచ్చువరకు విడువలేదు. 1858లో లండను గణాంక సంఘము ఆమెను సభ్యురాలిగా చేర్చుకొనెను. ఆ గౌరవము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

ఆమె మన దేశమును ఎన్నడును చూడలేదు, అయినను మరువలేదు. ఇండియాలోని సైన్యముయొక్క ఆరోగ్యమును విచారించిన కమిషను 1863లో నివేదిక నిచ్చెను. ఇక్కడి ఆంగ్లేయ సైనికులు ఏటేట వేయికి 69 మంది చనిపోవుచున్నట్లు అందు తేలెను. దానివెనుక ఆమె శ్రమ గలదు. తరువాత గ్రామములలోని రైతుల మంచినీటిని గూర్చియు, 1876-78 కరవు తరువాత కాలువలను గూర్చియు ఆమె విస్తారముగా వ్రాసెను. మన గోదావరికి ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థరు కాటనుతో ఈ విషయమై ఉత్తరములు నడిపెను.

1860లో, జనులిచ్చిన నిధితో, లండనులోని సెయింట్ తామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట నర్సుల పాఠశాల తెరువబడెను. అక్కడ నేర్చుకొను స్త్రీల పని మాత్రమే గాక గుణము కూడ నెలనెలా పట్టికలో వ్రాయబడెడిది. వేళకు వచ్చుట, నెమ్మది, శుభ్రత అను వాటి సరసన నమ్మకత్వమునకు కూడ ఒక గడి యుండెను. నర్సులు దినములో అనేకమారులు చేతులు కడుగుకొనవలెనని ఆమె తన పుస్తకములో బోధించెను. రోగము క్రిములవలన వచ్చునను సంగతిని ఆమె చాలకాలము ఒప్పుకొనలేదు. చెడుగాలియే కారణమని నమ్మెను. అయినను చేతులు కడుగుట విషయములో ఆమె చెప్పినది నిలిచెను.

నర్సుల పేర్లను ప్రభుత్వ రిజిస్టరులో చేర్చవలెనని కొందరు కోరినపుడు ఆమె ఎదిరించెననుట నేడు వింతగా తోచును. పరీక్ష తెలివిని కొలుచునే గాని గుణమును కొలువజాలదని ఆమె భయపడెను. ఇంగ్లండులో ఆ చట్టము 1919లో, ఆమె మరణించిన తరువాత వచ్చెను. మన దేశములో ఇండియను నర్సింగు కౌన్సిలు చట్టము 1947లో వచ్చెను. రిజిస్టరు మంచిదే. అనర్హుల చేతినుండి రోగులను అది కాపాడును. అయితే ఆమె భయములోను సత్యమున్నది. రాత్రి 2 గంటలకు, డాక్టరు నిద్రించుచుండగా, రోగి బంధువులు కునుకుచుండగా, నర్సు చేతులు కడుగుకొని సెలైను గొట్టమును ముట్టెనో లేదో ఏ రిజిస్టరు చూడగలదు? చుక్కలను నిజముగా లెక్కించి వ్రాసెనో, లెక్కింపకయే వ్రాసెనో ఎవరికి తెలియును? రహస్యమందు చూచు తండ్రికి మాత్రమే తెలియును.

1907లో రాజు ఆమెకు ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు నిచ్చెను. దానిని పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1910 ఆగస్టు 13వ తేదీన, 90వ ఏట, ఆమె నిద్రించెను. వెస్ట్‌మినిస్టర్ అబ్బీలో రాజుల సరసన సమాధిచేయుటకు దేశము సిద్ధపడెను గాని, ఇంటివారు ఒప్పుకొనక హాంప్‌షైరులోని ఈస్ట్ వెలో గ్రామ దేవాలయపు ఆవరణలో, తన వారి ప్రక్కనే పాతిపెట్టిరి. ఆమెను గూర్చి ఆ రాతిమీద రెండు పొడి అక్షరములును తేదీలును తప్ప మరేమియు లేదు.

మన సంఘములలో నర్సులుగా పనిచేయు సహోదరీలును సహోదరులును అనేకులు గలరు. రాత్రి డ్యూటీ ముగించుకొని ఆరాధనకు వచ్చి వెనుక బల్లమీద కూర్చుండి, నిద్ర ఆపుకొనలేక తల వాల్చువారిని మనము చూచుచున్నాము. వారిని తప్పుపట్టకుము. ఆ రాత్రి వారు ఎన్ని చుక్కలు లెక్కించిరో నీవెరుగవు. పరుపు ప్రక్కనున్న ప్రేమ మంచిదే. కడిగిన చేతులలో ఆ ప్రేమ సంపూర్ణమగును. ఇది నర్సులకు మాత్రమే కాదు. బడిలో పంతులుకు, కొట్టులో తూకము వేయువానికి, సంఘపు లెక్క వ్రాయు పెద్దకు, ఇంటిలో బిడ్డకు పాలు కలుపు తల్లికి కూడ ఒక చుక్కల లెక్క కలదు. ఎవరును చూడనపుడు అది సరిగా నున్నదా అని ఈ మాసమంతయు మనలను మనము పరీక్షించుకొందము. తప్పు కనబడినయెడల నైటింగేలువలె పట్టిక మూయక, దిద్దుకొందము.

ప్రార్థన: ప్రభువా, శిష్యుల పాదములు కడిగిన నీ చేతులను మేము జ్ఞాపకము చేసికొనుచున్నాము. చిన్న పనిలో మమ్మును నమ్మదగినవారినిగా చేయుము. రోగులయొద్ద మేలుకొనియున్నవారిని ఈ రాత్రి బలపరచుము. వారి పేర్లు పరలోకమందు వ్రాయబడియున్నవని వారికి సంతోషము దయచేయుము. ఆమేన్.