పౌరుడు కాకుండానే అమెరికాకు మందులిచ్చిన యల్లాప్రగడ

విదేశీ చదువుకు మీరు సిద్ధమవుతున్నారా? జీఆర్‌ఈ స్కోరు, యూనివర్సిటీల జాబితా, బ్యాంకు లోను... వీటి గురించి రోజూ ఆలోచిస్తూనే ఉంటారు. వీసా రూల్స్ మారాయన్న వార్త కనబడితే మాత్రం గుండె జారిపోతుంది. ఇన్నాళ్ల కష్టాన్ని ఎక్కడో రాసిన ఒక్క నిబంధన తారుమారు చేసేయగలదా అనిపిస్తుంది. చేసేయగలదు. మన భీమవరంలో పుట్టిన ఓ శాస్త్రవేత్త జీవితమంతా ఇదే కథ. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మందుల గురించి మీరు వినే ఉంటారు. ఈసారి ఆయన జీవితాన్ని చట్టాల వైపు నుంచి చూడండి.

రాజకీయం అడ్డుపడిన మొదటిసారి

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. మొదటినుంచీ క్లాస్ ఫస్ట్ వచ్చిన కుర్రాడేం కాదు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపై మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టి క్లాసుకెళ్లారు. అది తెల్లదొర అయిన సర్జరీ ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఫలితంగా చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులో చోటు దొరకలేదు. ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెబుతూ గడిపారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆయన అమెరికా వెళ్లడానికి అక్కడి ఆకర్షణ ఒక్కటే కారణం కాదు. ఇక్కడ తలుపు మూసుకుపోవడమూ కారణమే. వలస అనేది ఎప్పుడూ ఇలా రెండు వైపుల నుంచీ జరుగుతుంది.

విద్యార్థికి తెరిచిన సందు

1920ల తొలి ఏళ్లలో ఆయన బోస్టన్ చేరారు. మామగారి సాయం, మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం ఆసరా అయ్యాయి. అప్పటికి అమెరికాలో 1917 వలస చట్టం అమల్లో ఉంది. ఆసియాలో చాలా భాగాన్ని నిషేధిత ప్రాంతంగా ప్రకటించిన చట్టమది. అందులో భారతదేశమూ ఉంది. కూలీలకు ప్రవేశం లేదు. విద్యార్థులకు, వైద్యులకు, వ్యాపారులకు మాత్రం మినహాయింపు ఉండేది. సుబ్బారావు ఆ మినహాయింపుల సందులోంచే లోపలికి వెళ్లారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1923లో, భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. భారతీయులు చట్టం చెప్పే తెల్లవారి కిందకు రారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులని దాని సారాంశం. అప్పటికే పౌరసత్వం పొందిన కొందరు భారతీయులు కూడా దాన్ని పోగొట్టుకున్నారు. మరుసటి ఏడాది చట్టం ఇంకా బిగిసింది. పౌరసత్వానికి అనర్హులైనవాళ్లు వలసదారులుగా దేశంలోకే రాకూడదంది.

అంటే సుబ్బారావు అక్కడ చదువుకోవచ్చు, పనిచేయవచ్చు. ఆ దేశం మనిషి మాత్రం కాలేరు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన మళ్లీ ఇండియా రాలేదు.

పరాయివాడి పని

ఇక్కడి డిగ్రీతో అక్కడ డాక్టరుగా ప్రాక్టీసు చేసే వీల్లేదు. ఖర్చుల కోసం ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా తీసుకుని, సైరస్ ఫిస్క్ దగ్గర బయోకెమిస్ట్రీలో చేరారు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి 1925లో వచ్చింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌నూ, 1929లో కండరాలకు శక్తినిచ్చే ఏటీపీనీ ఈ జంట ప్రకటించింది. 1930లో పీహెచ్‌డీ అందింది. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం దక్కలేదు.

1940లో అమెరికన్ సైనమిడ్ కంపెనీకి చెందిన లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో చేరారు. కొద్దికాలంలోనే పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేయడం, బోదకాలుకు హెట్రజాన్, కొత్త యాంటీబయోటిక్ ఆరియోమైసిన్... అన్నీ ఆయన నడిపిన బృందం నుంచి వచ్చినవే. అదే బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకిచ్చి చూశారు. క్యాన్సర్ కీమోథెరపీకి తొలి అడుగుల్లో అదొకటి. దాని తోబుట్టువు లాంటి మెథోట్రెక్సేట్‌ను డాక్టర్లు ఇప్పటికీ రాస్తున్నారు.

ఇప్పుడు దీన్ని ఆర్థిక వ్యవస్థ వైపు నుంచి చూడండి. కొత్త మందు వచ్చిందంటే దాని వెనక ఫ్యాక్టరీ వస్తుంది, ఉద్యోగాలొస్తాయి, ఎగుమతులు పెరుగుతాయి, ప్రభుత్వానికి పన్ను అందుతుంది. జబ్బు తగ్గిన మనిషి మళ్లీ పనికెళ్తాడు. ఇతన్ని చిన్నప్పటి నుంచీ చదివించిన ఖర్చు మనది, ఫలితంలో పెద్ద వాటా అమెరికాది. వలసకూ ఆర్థికాభివృద్ధికీ ఉన్న సంబంధం ఈ ఒక్క జీవితంలోనే కనబడుతుంది.

తలుపు ఎందుకు తెరుచుకుంది?

1946 జూలై 2న అధ్యక్షుడు ట్రూమన్ లూస్-సెల్లర్ చట్టంపై సంతకం చేశారు. భారతీయులకు పౌరసత్వ హక్కు, వలసకు ఏడాదికి 100 మంది కోటా దీంతో వచ్చాయి. సుబ్బారావు లాంటివాళ్ల ప్రతిభ చూసి మురిసిపోయి ఇచ్చారనుకుంటున్నారా? అసలు కారణం వేరు. యుద్ధంలో ఆసియా దేశాల మద్దతు అమెరికాకు కావాల్సి వచ్చింది. ఆసియావాళ్లను అమెరికా రానివ్వదంటూ జపాన్ ప్రచారం చేసింది. దాంతో ముందు 1943లో మిత్రదేశం చైనాపై ఉన్న నిషేధం ఎత్తేశారు. స్వాతంత్ర్యం అంచున ఉన్న ఇండియాతో స్నేహం, వ్యాపారం అవసరమని తర్వాత తోచింది. అమెరికాలోని భారతీయులు, జె.జె. సింగ్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి దీనికోసం తిరిగారు. తలుపు తీసింది విదేశాంగ విధానం. తట్టింది మాత్రం మనవాళ్లు.

సుబ్బారావు ఆ తర్వాత రెండేళ్లే బతికారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, న్యూయార్క్ రాష్ట్రంలోని పెరల్ రివర్‌లో కన్నుమూశారు. చివరివరకూ అమెరికా పౌరుడు కాలేదు.

మీకేంటి ఇందులో?

ఆ 100 కోటా 1965 చట్టంతో పోయింది. మన ఇంజినీర్లు, డాక్టర్లు పెద్దసంఖ్యలో వెళ్లడం ఆ తర్వాతే మొదలైంది. 1990 చట్టం హెచ్-1బీకి ఏడాదికి 65,000 పరిమితి పెట్టింది. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే అన్న నిబంధన వల్ల మనవాళ్లు ఏళ్ల తరబడి క్యూలో ఉంటున్నారు. తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. దాని తాళం మీ మార్కుల మెమోలో లేదు.

కాబట్టి మీరు వెళ్లే దేశం సిలబస్‌తో పాటు చట్టమూ చదవండి. చదువు అయ్యాక ఎన్నాళ్లు పనిచేయొచ్చు, ఆ తర్వాత ఏంటి అన్నది లోను తీసుకునేముందే తెలుసుకోండి. వీసా రాకపోతే ఇక్కడ అదే నైపుణ్యంతో ఏం చేయగలరో కాగితం మీద రాసి పెట్టుకోండి. గ్రూప్ డిస్కషన్‌లో వలసల మీద ప్రశ్న వస్తే, మంచిదా చెడ్డదా అని వాదించుకోకుండా, ఎవరికి లాభం, ఎవరికి ఖర్చు, ఏ దౌత్య అవసరం కోసం అన్న మూడు ప్రశ్నలతో మొదలుపెట్టండి.

ఇంకో మాట. బోదకాలు నివారణకు మన ఊళ్లలో ఇంటింటికీ తిరిగి పంచే డీఈసీ మాత్ర ఉంది చూశారా, అదే సుబ్బారావు బృందం తెచ్చిన హెట్రజాన్. మనిషిని ఏ దేశమూ పూర్తిగా తనవాడనలేదు. ఆయన పని మాత్రం పాస్‌పోర్టు అడక్కుండా గోదావరి జిల్లాలకు తిరిగొచ్చింది.