గుడిలోకి గబ్బిలాన్ని పంపిన కవి

వినుకొండ: తిరునాళ్లకు హరిశ్చంద్ర నాటకం వేయిస్తే అర్ధరాత్రి దాటాకే జనం అసలు మేలుకుంటారు. అప్పటిదాకా చాపల మీద కునికిపాట్లు పడే ముసలివాళ్లు కూడా కాటిసీను వస్తోందంటే లేచి కూర్చుంటారు. హార్మోనియం శ్రుతి అందుకుంటుంది. చేత కర్ర, భుజాన గొంగళి వేసుకుని హరిశ్చంద్రుడు శ్మశానం నలువైపులా చూసి పద్యం ఎత్తుకుంటాడు. ఇక వన్స్‌మోర్లే వన్స్‌మోర్లు.

ఆ నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది. కానీ కాటిసీనులో జనం మళ్లీ మళ్లీ పాడించుకునే పద్యాలు కొన్ని ఆయనవి కావు. అవి వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా గారివి. శ్మశానం మీద ఆయన విడిగా రాసిన పద్యాలను రంగస్థల నటులు తీసుకుని నాటకంలో కలుపుకున్నారు. నాటకం చూసేవారిలో ఈ సంగతి ఎరిగినవారు తక్కువ.

అలంకారాలు పండితుల వ్యవహారమని, మనలాంటివారికి తలకెక్కవని చాలామంది అనుకుంటారు. బడిలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు మాటలు బట్టీ పట్టించి, పరీక్ష అయ్యాక మరిచిపోనిస్తారు. నిజానికి కల్లంలో ఎండబోసిన మిరపకాయలు పగడాల్లా ఎర్రగా ఉన్నాయని రైతు అంటే ఆ నాలుగూ అందులో ఉన్నాయి. మిరపకాయ ఉపమేయం, పగడం ఉపమానం, ఎరుపు సమానధర్మం, లా అన్న చిన్నమాటే ఉపమావాచకం. అక్షరం రాని అమ్మమ్మ కూడా రోజుకు పది అలంకారాలు వాడుతుంది. వాటి పేర్లు తెలియవు, అంతే.

కాటిసీను పద్యంలో జాషువా గారు చేసిన పని చూడండి. కవి చచ్చిపోయాడని చెప్పరు, అతని కలం నిప్పుల్లో కరిగిందంటారు. రాజు పోయాడని చెప్పరు, అతని ముద్రికను చూపిస్తారు. కొత్త పెళ్లికూతురికి నల్లపూసలు, చిత్రకారుడికి కుంచె. మనిషిని చెప్పకుండా మనిషి చేతిలోని వస్తువును చెబితే మన గుండెకు తొందరగా తగులుతుంది. ఇంట్లో పెద్దాయన పోయినప్పుడు చూరున చెక్కిన చేతికర్ర కనబడితే ఏడుపు ఆగదు కదా, అదే ఇది. ఒకటి చెప్పి దానికి సంబంధించిన మరొకటి స్ఫురింపజేసే ఈ పద్ధతిని లక్షణ అంటారు శాస్త్రకారులు.

మూడు రూపాయల జీతం

జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వీరయ్య, లింగమ్మ దంపతులకు జన్మించారు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడేదాకా వినుకొండ గుంటూరు జిల్లాలోనిది. సీతను రావణుడు ఎత్తుకుపోయిన వార్తను రాముడు విన్న కొండ కాబట్టి వినుకొండ అయిందని పెద్దలు చెబుతారు. వినడం అనే మాట ఊరిపేరులోనే ఉన్నా, ఈ పిల్లవాడి గోడు వినేవారు మాత్రం కరువయ్యారు.

తండ్రిది ఒక కులం, తల్లిది అంటరానిదని ఊరు దూరం పెట్టిన కులం. మతం క్రైస్తవం. బడిలో చేరాక హేళన మొదలయింది. పిల్లవాడు పడి ఉండే రకం కాదు. కులం పేరెత్తిన వాళ్లమీద తిరగబడి కొట్టినట్లు ఆయన జీవితం రాసినవారు చెబుతారు. బొమ్మలు గీయడం, పాటలు పాడడం చిన్ననాటి నుంచీ ఉన్నాయి. బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సాంగత్యంలో పద్యం మీద మక్కువ పెరిగింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి వద్ద కాళిదాసు కావ్యాలు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఆ రోజుల్లో ఈ కులంలో పుట్టిన కుర్రవాడికి ఒక శాస్త్రిగారు సంస్కృతం చెప్పడం చిన్న విషయం కాదు. మేఘసందేశం అన్న పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. దానితో తరువాత పని ఉంది.

మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతం మీద పనిచేశారు. అది పోయాక రాజమండ్రి వెళ్లి 1915, 16 సంవత్సరాల్లో సినిమా వాచకుడయ్యారు. అప్పటి సినిమాకు మాటలు లేవు. తెరమీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి కథ, సంభాషణలు గట్టిగా చదివి వినిపించేవారు. మూగబొమ్మకు నోరిచ్చే ఆ ఉద్యోగం, తరువాత ఆయన రాసిన పద్యాలకు బాగా పనికివచ్చిందని నా ఊహ. అటు తరువాత గుంటూరులో లూథరన్ చర్చి వారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు, 1928 నుంచి 1942 వరకు అక్కడే తెలుగు పండితుడిగా పనిచేశారు.

కవిగా పేరు వస్తున్నా అవమానం వెంట నడుస్తూనే ఉంది. వినుకొండలోనే జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివితే, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు గొడవపడ్డారు. సొంత ఊరివాళ్ల సభ అది. ఇటు చూస్తే, క్రైస్తవుడై ఉండి పురాణాలు చదవడమేమిటి, రాయడమేమిటి అని తోటి క్రైస్తవులు కొందరు ఆయనను వెలిగా చూశారు. హిందువులకు ఈ పక్క కాదు, క్రైస్తవులకు ఆ పక్క కాదు.

తనకు గురువులు ఇద్దరని ఆయన చెప్పుకునేవారు. ఒకరు పేదరికం, రెండోవారు కులమత భేదం. మొదటిది ఓర్పు నేర్పిందట, రెండోది ఎదిరించడం నేర్పిందట. పేదరికం గురువులాంటిది అనలేదు, గురువే అన్నారు. లాంటిది అంటే ఉపమ. ఆ లాంటిది తీసేసి ఇదే అది అని తేల్చేస్తే రూపకం.

ఇంట్లో పసిపిల్ల ఉన్నవారికి ఆయన శిశువు పద్యాలు తప్పక నచ్చుతాయి. ఘంటసాల గారు పాడగా విన్నవారు ఎందరో. తొమ్మిది నెలలు తిండి, నీరు ఎరగకుండా నడిచివచ్చిన బాటసారి అని, తన అన్నం తానే వెంట తెచ్చుకున్న అతిథి అని పసిబిడ్డను వర్ణించారు. చుట్టం వస్తే మనం వండాలి. ఈ చుట్టం తల్లిపాలు తానే తెచ్చుకున్నాడు. ఇది కూడా రూపకమే.

మేఘం కాదు, గబ్బిలం

ఫిరదౌసి 1932లో వచ్చింది. పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని మాట ఇచ్చి, ముప్పై ఏళ్లు రాయించుకుని చివరికి వెండి నాణేలు పంపిన గజనీ సుల్తాను కథ అది. మాట తప్పిన రాజు, మోసపోయిన కవి. ఆ బాధ జాషువా గారికి ఒకరు చెప్పవలసింది కాదు. ఆ కావ్యంలో రాజు చావును రాలిన చుక్కతో, కవి చావును నింగికెక్కిన చుక్కతో పోల్చారు.

1941లో గబ్బిలం వచ్చింది. ఇక్కడ మేఘసందేశం సంగతి చెప్పుకోవాలి. కాళిదాసు కథలో ఒక యక్షుడు శాపం వల్ల భార్యకు దూరమై ఏడాదిపాటు కొండమీద ఉంటాడు. ఆషాఢంలో ఉత్తరానికి పోతున్న మేఘాన్ని చూసి, అలకాపురిలో ఉన్న భార్యకు కబురు చెప్పమంటాడు. ఇలా కబురు పంపే కావ్యాలను సందేశ కావ్యాలంటారు. తరువాతి కవులు చిలుకను పంపారు, హంసను పంపారు. అన్నీ అందమైనవే.

జాషువా గారి కథానాయకుడు యక్షుడు కాదు. ఊరికి దూరంగా గుడిసెలో ఉండే అంటరాని కులపు కష్టజీవి. కబురు భార్యకు కాదు, కాశీ విశ్వేశ్వరుడికి. కబురులో విరహం లేదు, ఆకలీ అవమానమూ ఉన్నాయి. మోసుకుపోయేది గబ్బిలం.

ఎందుకు గబ్బిలం? ఇల్లు చొరబడితే అశుభమని మనం చీపురు పట్టుకుని తరిమే ప్రాణి అది. పిట్టల్లో పిట్ట కాదు, జంతువుల్లో జంతువు కాదు. ఎవరూ తమవాడని చెప్పుకోని ప్రాణి దగ్గర, ఎవరూ తమవాడని చెప్పుకోని మనిషి కూర్చుని మాట్లాడుతున్నాడు. అంతేకాదు, ఆ మనిషి దాన్ని పక్షుల రాణీ అని మర్యాదగా పిలుస్తాడు. తనను ఎవరూ అలా పిలవలేదు మరి.

రెండో కారణం ఇంకా గట్టిది. పాత దేవాలయాల్లో గబ్బిలాలు ఎక్కడ ఉంటాయో మనందరికీ తెలుసు. గర్భగుడి కప్పునే తలకిందులుగా వేలాడుతుంటాయి. గుళ్లోకి రావద్దని గబ్బిలాన్ని కులం అడిగేవారు లేరు. అక్కడ వేలాడినప్పుడు శివుడి చెవి నీకు దగ్గరగా ఉంటుంది, పూజారి లేని సమయం చూసి నా బతుకు చెప్పు అని ఆ అభాగ్యుడు బతిమాలుకుంటాడు. పూజారి లేనప్పుడు అనడంలోనే అంతా ఉంది. దేవుడితో అతనికి తగాదా లేదు, మధ్యలో ఉన్న తలుపుతోనే.

ఈ పుస్తకం వచ్చేనాటికి మన ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉంది. అక్కడ ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. అంటే గబ్బిలం శివుడి చెవిలో చెప్పిన ఆరేళ్లకు సర్కారు చెవికి ఎక్కిందన్నమాట. అంటరానితనాన్ని రద్దుచేసిన రాజ్యాంగం 1950 నుంచి అమల్లోకి వచ్చింది.

అత్త తన కోడలికి తగిలేలా కూతుర్ని తిడుతుంది. పైకి కూతురికే, లోపల కోడలికే. మన ఇళ్లలో రోజూ జరిగే ఈ వ్యవహారానికి అలంకారశాస్త్రంలో అన్యాపదేశం అని పేరుంది. గబ్బిలంలో మాటలన్నీ ఒక పిట్టతో అన్నట్లే ఉంటాయి. తగలవలసిన వాళ్లకే తగులుతాయి. నేరుగా తిట్టి ఉంటే ఆ వర్గంవారు పుస్తకం మూసేసేవారు. పద్యం బాగుందని చదవడం మొదలుపెట్టిన పండితుడు, సగం దూరం వచ్చాక ఆ మాటలు తననే అంటున్నాయని తెలుసుకుని ఉంటాడు. అప్పటికి ఆలస్యమై ఉంటుంది.

ఇదే కావ్యంలో వర్ణవ్యవస్థను నాలుగు పడగల నాగరాజు అన్నారు. ఆ పేదవాడి మీదుగా వచ్చిన గాలి సోకినా చాలు, అది బుసకొడుతుందట. నాలుగు పడగలంటే నాలుగు వర్ణాలు. ఆ పడగల్లో ఇతనికి చోటు లేదు, ఐదోవాడు. పామునే ఎందుకు తెచ్చారా అని నేను చాలాసార్లు ఆలోచించాను. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసేది దానికే, మర్నాడు పెరట్లో కనిపిస్తే దుడ్డుకర్ర వెతికేది దానికోసమే. దండం పెడుతూ భయపడే వస్తువు మన ఇళ్లలో మరొకటి లేదు. పాము బదులు పులి అని ఉంటే ఆ అర్థం వచ్చేది కాదు. ఉపమానం ఎంచుకోవడంలో కవి నేర్పు ఇక్కడే తెలుస్తుంది.

ఒకసారి రైల్లో ఒక జమీందారుకు గబ్బిలం పద్యాలు వినిపించారు. ఆయన ఎంతో మెచ్చుకుని, ఏ కులమని అడిగారు. క్రైస్తవుణ్ణని చెప్పగానే ఆ పెద్దమనిషి ఒక్క మాటా అనకుండా లేచి వెళ్లిపోయారు. గబ్బిలంలో ఉన్నది ఎదురుగానే జరిగింది.

అందరూ అలా లేరు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు నిండు సభలో జాషువా గారి కాలికి తమ చేతులతో గండపెండేరం తొడిగారు. బ్రాహ్మణ పండితుడు, ఆనాటి కవులెందరికో గురువు, వంగి ఈ కవి పాదం తాకారు.

ఆయన 1957 నుంచి 59 వరకు మద్రాసు రేడియోలో పనిచేశారు. క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అదే ఏడు శాసనమండలి సభ్యులయ్యారు. 1970లో పద్మభూషణ్. నవయుగ కవిచక్రవర్తి అన్న బిరుదు పేరుకు ముందే నిలిచింది. 1971 జూలై 24న గుంటూరులో దివంగతులయ్యారు. ఆయన కుమార్తె హేమలతా లవణం తండ్రి పద్యంలో చెప్పినదాన్ని పనిలో పెట్టి, జోగినీ దురాచారం మీదా, స్టూవర్టుపురంలో నేరస్థులని ముద్రపడిన కుటుంబాల మధ్యా పనిచేశారు. ఆమె 2008లో మరణించారు.

నేను చూసిన హరిశ్చంద్ర నాటకం కరపత్రాల్లో హార్మోనిస్టు పేరు ఉంటుంది, లైటింగువారి పేరు ఉంటుంది, చందాలిచ్చిన వారి పేర్లు పెద్దక్షరాల్లో ఉంటాయి. కాటిసీను పద్యాలు రాసినాయన పేరు మాత్రం ఎక్కడా కనిపించలేదు. వచ్చే తిరునాళ్లకు కరపత్రం అచ్చువేయించే కమిటీవారు బలిజేపల్లి వారి పేరు కింద ఒక్క వరుస చోటు ఉంచగలరు. అందులో గుర్రం జాషువా, వినుకొండ అని వేస్తే చాలు.