మూసీ వరదకు లెక్క కట్టిన మోక్షగుండం

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టుపైకి ఎక్కి 150 మంది దాకా బతికి బయటపడ్డారు. ఆ చెట్టు గురించి నగరం నేటికీ చెప్పుకుంటుంది. ఆ తరువాత జరిగిన నీటి లెక్కను గురించి చెప్పుకునేవారు తక్కువ.

ఆ లెక్క వేసినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. వరద వచ్చేనాటికి ఆయన బొంబాయి ప్రభుత్వ కొలువు విడిచి విదేశీ పర్యటనలో ఉన్నారు. నిజాం ప్రభుత్వ ఆహ్వానం ఆయనకు అక్కడే అందింది. పర్యటన ముగించుకుని 1909 ఏప్రిల్‌లో హైదరాబాదు చేరారు.

ఆయన పూర్వీకులది మోక్షగుండం. ఇంటిపేరులో నిలిచింది ఆ ఊరే. పుట్టింది మాత్రం మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో. చిన్నతనంలోనే తండ్రి మరణించగా, బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదువుకున్నారు. సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో పుణెలో ఇంజనీరింగు పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రజాపనుల శాఖలో చేరారు. పుణె సమీపంలోని ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన అమర్చిన స్వయంచాలక తలుపులు పేరు తెచ్చాయి. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే జలాశయంలో ఎక్కువ నీరు నిలిచింది. మట్టం హద్దు దాటితే మనిషి చేయి తగలకుండానే తలుపులు తెరుచుకునేవి. నీటి చేత నీటినే అదుపు చేయించాలన్న ఆలోచన ఆ కాలంలో ఇతర చోట్లా కనిపిస్తుంది. రాయపూర్‌కు దక్షిణాన ధమ్తరి ప్రాంతంలో, మహానది ఉపనది సిల్లారిపై 1914–1923 మధ్య కట్టిన మాడమ్‌సిల్లి జలాశయంలో మిగులు నీరు సైఫన్ల ద్వారా తనంతట తానే వెలుపలికి పోతుంది. ఆ కట్టడానికి విశ్వేశ్వరయ్యతో సంబంధం లేదు, పద్ధతులూ వేరు.

హైదరాబాదులో ఆయన ముందు నిలిచిన ప్రశ్న వినడానికి చిన్నదే. వచ్చిన నీరు ఎంత? దానిని పట్టే పాత్ర ఎంత ఉండాలి?

ఈతకొలనుకైతే ఈ లెక్క తేలిక. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, ఒక చివర 1 మీటరు, మరో చివర 2 మీటర్ల లోతు ఉంటే సగటు లోతు ఒకటిన్నర మీటరు. మూడింటిని గుణిస్తే 375 ఘనపు మీటర్లు, అంటే 3,75,000 లీటర్లు. లోయకు అటువంటి గోడలుండవు. అందుకే ఇంజనీర్లు సమోన్నత రేఖలు గీసి, ఒక్కొక్క మట్టం వద్ద నీరు ఎంత విస్తీర్ణం ఆక్రమిస్తుందో కొలుస్తారు. పక్కపక్క మట్టాల విస్తీర్ణాల సగటును వాటి మధ్య ఎత్తుతో గుణించి, పొరలన్నింటినీ కూడుతారు. కొలను లెక్కనే పొరపొరగా వేయడమన్నమాట.

పాత్ర సంగతి అలా ఉంచితే, అంతకంటే కష్టమైనది పైనుంచి దిగివచ్చే నీటి లెక్క. నగరానికి ఎగువన మూసీ పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్లు. అంతటా ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 200 కోట్ల ఘనపుటడుగులు, అంటే 2 టీఎంసీల నీరు. శంషాబాదులో 24 గంటల్లోనే 12.8 అంగుళాలు కురిసింది. పరీవాహక ప్రాంతంలోని 788 చెరువుల్లో 221 తెగి, వాటి నీరూ నదిలో కలిసింది. ఉధృతి గరిష్ఠంగా సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని విశ్వేశ్వరయ్య తేల్చారు. ఆ వేగంతో గంటకు ఒకటిన్నర టీఎంసీ పారుతుంది.

ఇంత ప్రవాహానికి నగరంలో గోడలు కట్టి లాభం లేదని, నీటిని ఎగువనే ఆపాలని ఆయన 1909 అక్టోబరు 1న నివేదిక సమర్పించారు. మూసీపై ఉస్మాన్‌సాగర్‌ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్‌ 1927లో పూర్తయ్యాయి. నేడు లెక్కలోకి తీసుకునే సామర్థ్యం ఉస్మాన్‌సాగర్‌కు 3.9, హిమాయత్‌సాగర్‌కు 2.97 టీఎంసీలు. ఉస్మాన్‌సాగర్‌ ఒక్కటే పైన చెప్పిన ఈతకొలనులు 2,90,000కు పైగా నింపగలదు. అయినా 1908 నాటి గరిష్ఠ ఉధృతికి రెండు జలాశయాలూ కలిసి నాలుగున్నర గంటల్లో నిండిపోతాయి. వరదనంతా దాచడం వాటి పని కాదు, శిఖరాన్ని తగ్గించి నీటిని మెల్లగా వదలడం వాటి పని. అందుకు జలాశయంలో ఖాళీ ఉండాలి. ఆ జలాశయాలే నగరానికి తాగునీరు ఇవ్వడం మొదలుపెట్టాక, నిండుగా ఉంచవలసిన అవసరమూ వచ్చిపడింది. ఒకే పాత్ర నుంచి ఈ రెండూ కోరడం సులభం కాదు.

నివేదిక ఇచ్చిన కొద్ది వారాలకే విశ్వేశ్వరయ్య మైసూరు చీఫ్‌ ఇంజనీరుగా వెళ్లారు. 1912 నుంచి 1918 వరకు దివానుగా పనిచేశారు. కృష్ణరాజసాగరం ఆ కాలపు పనే. తరువాత హైదరాబాదు మురుగునీటి పారుదల పనులకు మళ్లీ పిలుపు వస్తే వచ్చి పూర్తిచేయించారు. 1955లో భారతరత్న అందుకుని, నూరేళ్లు దాటిన వయసులో 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. జన్మదినమైన సెప్టెంబరు 15న దేశం ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటోంది. 2020 అక్టోబరులో కుండపోత వానలకు నిండిన హిమాయత్‌సాగర్‌ తలుపులను, పదేళ్ల తరువాత మళ్లీ ఎత్తవలసి వచ్చింది.