మల్లమార్తాండ కోడి రామమూర్తి

శరీరబలమును గూర్చి చెప్పవలసి వచ్చినపుడు మన పెద్దలు హనుమంతుని, భీముని తలంచెడివారు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్ళలో తెలుగువారికి ఆ వరుసలో చేర్చుకొనదగిన మరియొక పేరు లభించెను. అది కోడి రామమూర్తినాయుడుగారి పేరు. ప్రజలు ఆయనను కలియుగ భీముడని పిలిచి గౌరవించిరి. ఎచ్చెర్ల మొదలగు గ్రామముల బాలబాలికలకు చేరువనున్న శ్రీకాకుళము పట్టణములోని క్రీడామైదానము నేడు ఆయన పేరు ధరించియున్నది.

ఆ పేరు వినగానే రొమ్ముపై ఏనుగును మోసిన వీరుడు కన్నులయెదుట నిలుచును. ఏనుగును మోయుట కొన్ని నిమిషముల పని. ఆ కొన్ని నిమిషముల వెనుక ఎన్నియో సంవత్సరముల సాధన యున్నది. ఆ సాధన వెనుక మితమును, శాంతమును, ఆటయం దుండు ఆనందమును ఉన్నవి. ఆ వెనుకనున్న దానిని తెలిసికొన్నవానికే ఆయన జీవితము ఉపయోగపడును.

రామమూర్తి 1882 ప్రాంతమున వీరఘట్టములో జన్మించెను. ఈ గ్రామము చిరకాలము శ్రీకాకుళము జిల్లాలో నుండి, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. తండ్రి పేరు వెంకన్ననాయుడు. రామమూర్తి పసితనముననే తల్లిని కోల్పోయెను. తల్లి లేని ఆ బాలుడు చదువుకంటె ఆటలయందును, సాహసకార్యములయందును మక్కువ చూపుచుండెను. తండ్రి కొంతకాలము చూచి, కుమారుని విజయనగరములోని తన తమ్ముడు నారాయణస్వామి వద్దకు పంపెను. నారాయణస్వామి పోలీసుశాఖలో ఉద్యోగి. ఆయన బాలుని బడిలో చేర్చెను. బాలుని మనస్సు మాత్రము వ్యాయామశాల మీదనే యుండెను. అది గ్రహించిన పినతండ్రి అతనిని అడ్డగింపక వ్యాయామవిద్య నేర్చుకొననిచ్చెను. పిల్లవాని ఉత్సాహమును అణచివేయక దానికొక దారి చూపిన ఆ పినతండ్రిని మనము మరువరాదు.

విజయనగరము సంగీతమునకు, సాహిత్యమునకు ఎంత పేరుగన్నదో, మల్లవిద్యకును అంత ఆదరము చూపిన పట్టణము. అక్కడ రామమూర్తి దండీలు, బస్కీలు తీసెను, కుస్తీ నేర్చెను, బరువు లెత్తెను. ఇరువదియొక్క సంవత్సరముల వయస్సు వచ్చునప్పటికి ఆయన రొమ్ముపై ఒకటిన్నర టన్నుల బరువును నిలుపగలిగెనని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. తరువాతి కాలమున ఆ బరువు మూడు టన్నుల వరకు పెరిగినదందురు. ఈ పెంపు ఒక్కదినములో కలిగినది కాదు. నేడు మోసిన బరువుకంటె రేపు కొంచెము ఎక్కువ మోయుట, అలసిన దేహమునకు తేరుకొనుటకు వ్యవధి నిచ్చుట, మరల మోయుట అను క్రమముననే బలము పెరుగును.

ఈ క్రమమునకు కారణ మేమి? కఠినమైన వ్యాయామము చేసినపుడు కండరములలోని సన్నని పోగులు కొంత దెబ్బతినును. శరీరము వానిని బాగుచేసికొనుచు, మునుపటికంటె దృఢముగా నిర్మించుకొనును. ఈ మరమ్మతు వ్యాయామశాలలో జరుగదు. ఆహారము తిని, విశ్రమించి, గాఢముగా నిద్రించునపుడు జరుగును. కనుక బరువెత్తునపుడు మనము బలమును కోరుచున్నాము. నిద్రించునపుడు దానిని పొందుచున్నాము. పొలము దున్నిన రైతు విత్తు చల్లి, మొలక వచ్చువరకు వేచియుండును. దున్నిన పొలమునే దినదినము దున్నుచుండువానికి పంట దక్కదు.

రామమూర్తి తనకు కలిగిన బలముతో తృప్తిపడి ఊరకుండలేదు. ఆ విద్యను శాస్త్రీయముగా అభ్యసింపవలెనని మద్రాసు చేరి, సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామశిక్షణ పొంది, వ్యాయామోపాధ్యాయుడుగా యోగ్యతాపత్రమును సంపాదించెను. పిమ్మట విజయనగరమునకు తిరిగివచ్చి, తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామోపాధ్యాయుడయ్యెను. ఉపాధ్యాయవృత్తి వ్యాయామము చేయువానికి గొప్ప పాఠము నేర్పును. తన యెదుట వరుసలో నిలిచిన నలువదిమంది బాలురలో ఒకడు బలవంతుడు, మరియొకడు బలహీనుడు. ఒకడు రాత్రి కడుపునిండ తిన్నవాడు, మరియొకడు తిననివాడు. అందరికిని ఒకే కొలత పనికిరాదు. ఎవరి కెంత శ్రమ తగునో తెలిసికొనుటయే ఆ వృత్తికి మూలము.

ఆ కాలమున శరీరదార్ఢ్యమును గూర్చి ప్రపంచమంతట క్రొత్త ఆసక్తి పుట్టుచుండెను. జర్మనీ దేశమున జన్మించిన శాండో అను బలశాలి దేశదేశములు తిరిగి ప్రదర్శనము లిచ్చి ప్రసిద్ధి కెక్కెను. మన దేశమున గామా పహిల్వాను కుస్తీలో పేరు గాంచెను. ఇట్టి కాలమున విజయనగరములోని ఒక వ్యాయామోపాధ్యాయుడు తన బలమును బడిగోడల నడుమనే ఉంచుకొనుట సాధ్యము కాకపోయెను. పొట్టి పంతులు అను మిత్రుని సహకారముతోను, తుని రాజావారి ప్రోత్సాహముతోను ఆయన ఒక సర్కసు కంపెనీని స్థాపించెను. ఆ కంపెనీ తెలుగు జిల్లాలలో తిరిగి, 1912లో మద్రాసు నగరమున ప్రదర్శనము లిచ్చెను.

ఆ డేరాలో ప్రజలు చూచినవి అద్భుతములు. రామమూర్తి తన దేహమునకు ఉక్కు గొలుసును చుట్టించుకొని, ఊపిరి పూరించి కండరములను ఉబ్బించగా ఆ గొలుసు ఫట్టున తెగిపోయెడిది. రెండు మోటారు కార్లను గొలుసులతో తన రెండు చేతులకు కట్టించుకొని, అవి రెండు దిక్కులకు లాగుచుండగా కదలక నిలిచెడివాడు. రొమ్ముపై బల్ల వేయించుకొని, దానిపై ఏనుగును నిలిపించుకొని కొన్ని నిమిషములు భరించెడివాడు. బల్ల ఏనుగు బరువును దేహమంతట పంచుటకు తోడ్పడెడిది. అయినను, లోపల ఊపిరిని బిగబట్టి పక్కటెముకలను ఎత్తి నిలుపు శక్తి లేనివానికి ఆ బల్ల రక్షణ కాదు. కావున ఇట్టి కార్యములను బాలు రెన్నడును అనుకరింపరాదు.

ఈ శక్తికి మూలమేమని విచారించిన, మనకు మొదట కనబడునది ప్రాణాయామము. ఆయన యోగాభ్యాసమునందు శ్రద్ధ గలవాడు. శాకాహారి. మాంసము తిననిదే బలము రాదని వాదించువారికి ఆయన దేహమే సమాధానము. ఏనుగు రొమ్ముపై కాలు మోపుటకు ముందు ఆయన నిశ్చలముగా పరుండి, శ్వాసను అదుపులోనికి తెచ్చుకొని, మనస్సును ఒకచోట నిలుపవలసి యుండెడిది. శ్రమకు ముందు శాంతము, శ్రమ పిదప శాంతము. ఈ రెంటి నడుమ ఆ మహాకార్యము ఇమిడియుండెను.

మరియొక విషయమును గమనింపవలెను. సర్కసు ఒక్కనాటి పందెము కాదు. ఈ ఊరిలో ముగిసిన ఆటను మరియొక ఊరిలో మరల ఆరంభింపవలెను. ఒక్కరాత్రి సర్వశక్తులను వెచ్చించి పడిపోవువాడు కంపెనీని నడుపజాలడు. నేడు కార్లను ఆపిన చేతులు రేపును ఆపవలెను. అందుచేత శక్తిని ఖర్చుచేయుట ఎంత అవసరమో, దానిని మరల కూడబెట్టుకొనుటయు అంతే అవసరము. ఇక ఆట ముగియునప్పటికి డేరా అంతయు చప్పట్లతో మారుమ్రోగెడిది. తాను చేయు కష్టము చూచువారికి వేడుకయగుట కంటె కళాకారునికి వేరొక ఆనందము లేదు. కష్టమున ఆనందము లేనిచో అది వెట్టిచాకిరి యగును. ఆనందముతో కూడినచో సాధన యగును.

రామమూర్తి ఇరువది యేండ్లు దాటిన యువకుడై యుండగా, మరియొక ఖండమున మరియొక విధమైన బలపరీక్ష ఆరంభమయ్యెను. 1903లో ఫ్రాన్సు దేశమున టూర్ ది ఫ్రాన్స్ అను సైకిలు పందెమును మొదటిసారి జరిపిరి. ఆ పందెగాండ్రు 2,428 కిలోమీటర్ల దూరమును ఆరు అంచెలలో పూర్తిచేయవలసి యుండెను. ఒక్కొక్క అంచెలో రాత్రింబవళ్ళు సైకిలు తొక్కవలసినంత దూర ముండెను. అందుచే నిర్వాహకులు అంచెకు అంచెకు నడుమ విశ్రాంతిదినములను ఏర్పరచిరి. నేడు ఆ పందెము మూడు వారములు, ఇరువదియొక్క అంచెలుగా సాగును. అందును రెండు విశ్రాంతిదినములు సాధారణముగా నుండును. ఏనుగును మోయు మల్లునకును, కొండలెక్కు సైకిలు వీరునకును ధర్మ మొక్కటియే. విశ్రాంతి సోమరితనము కాదు. అదియును శిక్షణలో ఒక భాగమే.

ఈ ధర్మమును మీరిన నేమగునో ఆ పందెమే లోకమునకు చూపెను. 1967 జూలై 13వ తేదీన టామ్ సింప్సన్ అను ఆంగ్లేయ వీరుడు మోన్ వాంటూ అను పర్వతమును ఎక్కుచు, మండుటెండలో సైకిలు మీదినుండి పడి మరణించెను. అతని దేహములో ఉత్తేజక ఔషధములు కనబడినవి. అలసటను గుర్తించి ఆగుమని దేహము హెచ్చరించును. అట్టి మందులు ఆ హెచ్చరికను వినబడకుండ చేయును. సింప్సన్ ధైర్యమునందు లోటులేనివాడు. అయినను హెచ్చరిక వినబడని ధైర్యము ప్రాణమునకే ముప్పు తెచ్చెను.

రామమూర్తి కీర్తి తెలుగుదేశపు ఎల్లలు దాటెను. పూనాలో లోకమాన్య బాలగంగాధర తిలకు ఆయన ప్రదర్శనమును చూచి సంతోషించి, మల్లమార్తాండ బిరుదముతో గౌరవించెను. తరువాత ఆయన తన బృందముతో ఇంగ్లండునకు పోయి, లండనులో ఐదవ జార్జి చక్రవర్తి దంపతుల మన్నన పొంది, ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదము నందెనని ప్రతీతి. పరపాలనలో నున్న జాతి తన్ను తాను బలహీనమని భావించుకొనుచున్న దినములవి. అట్టి దినములలో ఒక తెలుగువాని బాహుబలము భారతీయుల ఆత్మవిశ్వాసమునకు ఊత యయ్యెను. ఆయన ప్రదర్శనములవలన లక్షల రూపాయలు ఆర్జించెను. ఆర్జించిన దానిని దాచుకొనక దానధర్మములకును, దేశసేవకును విరివిగా వ్యయము చేసెను.

ఎంతటి బలశాలికైనను దేహము శాశ్వతము కాదు. కడపటి కాలమున రామమూర్తి కాలికి మానని పుండు కలిగెను. వైద్యులు కాలు తీసివేయుట తప్ప గత్యంతరము లేదనిరి. ఆ శస్త్రచికిత్స సమయమున ఆయన మత్తుమందు తీసికొన నిరాకరించి, ప్రాణాయామముచే శ్వాసను నిలిపి బాధను సహించెనని చెప్పుదురు. డేరాలో వేలాదిమంది చప్పట్ల నడుమ ఏ శ్వాసను నిలిపెనో, చప్పట్లు లేని ఆ వైద్యశాలలోను ఆ శ్వాసయే ఆయనకు తోడయ్యెను. గొలుసులను తెంచిన కండలు కాలక్రమమున సన్నగిల్లును. మనస్సును నిలుపు అలవాటు సన్నగిల్లదు. ఆయన బలములో ఎక్కువకాలము నిలిచిన భాగ మదియే.

చివరి దినములను ఆయన ఒరిస్సాలోని బలంగీరులో గడపెను. 1942 జనవరిలో, సంక్రాంతి పండుగ దినములలో, అక్కడనే కన్నుమూసెను. విశాఖపట్టణ సముద్రతీరమున నెలకొల్పిన విగ్రహము ఆయనను నేటికిని స్మరింపజేయుచున్నది.

ఉత్తరాంధ్ర పల్లెల జీవితమున ఈ నీతి ఎప్పటినుండియో కలదు. ఊడ్పులు, కోతలు జరుగునపుడు జనులు వంచిన నడుము ఎత్తరు. పంట ఇంటికి చేరిన పిదప సంక్రాంతికి సంగిడిరాళ్ళు ఎత్తుదురు, చెడుగుడు ఆడుదురు, నవ్వుదురు, కడుపునిండ తిని నిద్రింతురు. కష్టము, విశ్రాంతి, వేడుక అను మూడును ఏటేట ఒకదానివెంట ఒకటి వచ్చును. రామమూర్తి పుట్టి పెరిగిన నేల యిది.

నేడు పరుగు పందెమునకో, కబడ్డీకో, సైకిలు పందెమునకో సిద్ధపడు విద్యార్థి దినదినము శ్రమింపవలసినదే. అయితే ఉదయము లేచిన వెంటనే, పడకమీదనే, తన నాడిని లెక్కించుకొనుట నేర్చుకొనవలెను. కొన్ని దినములు లెక్కించినచో తన నాడి సాధారణముగా ఎంతయో తెలియును. ఒకనాడు అది ఎక్కువగా కొట్టుకొనుచున్నచో, నిద్ర చాలకున్నచో, ఆటయనిన విసుగు పుట్టుచున్నచో, దేహ మింకను తేరుకొనలేదని గ్రహింపవలెను. ఆనాడు తేలికగా నడచి, మిత్రులతో నవ్వుచు ఆడి, పెందలకడ నిద్రింపవలెను. అట్లు విశ్రమించిన దినము వ్యర్థమైనదని చింతింప నక్కరలేదు. మరునాటి బలము ఆ రాత్రియే తయారగుచుండును.